దేవర కోడె తాగిన నీళ్ళు

నైలాన్ తాడు మట్టిలో కుళ్ళదు. గోగునార తాడైతే ఒక వానకాలానికే చీకిపోతుంది. కొబ్బరి తాడు రెండేళ్ళో మూడేళ్ళో ఉంటుంది. నైలాన్ తాడు మాత్రం దాన్ని అల్లిన మనిషి పోయినా పోదు. ఈ సంగతి రంగసామికి తెలుసు. తెలుసు కాబట్టే, రాకాసి గుళ్ళ దగ్గర తవ్వకానికి కూలీలు కావాలని ఊళ్ళో చెప్పిన రోజున అతను ఇంటికి పోకుండా చేను గట్టు మీద కూర్చుండిపోయాడు.

రాకాసి గుళ్ళంటే గుళ్ళు కావు. నల్లంపల్లి దగ్గర హైవే దిగి, చేల నడుమ రెండు మైళ్ళు లోపలికి పోతే మెట్ట మీద గుండ్రంగా పేర్చిన బండరాళ్ళు కనిపిస్తాయి. రెండు వేల ఏళ్ళకు ముందటి మనుషులు తమ చచ్చినవాళ్ళను పూడ్చిన చోట్లు అవి. అట్లాంటి వలయాలు పదకొండు. చివరిది, తూర్పు వైపుది, రంగసామి జొన్నచేను గట్టుకు ఆనుకొని ఉంది.

ఆ పదకొండో వలయంలో రెండు వేల ఏళ్ళది కానిది ఒకటి పడి ఉంది. పెరుమాళ్ళకు వదిలిన కోడె. దాన్ని అక్కడ పూడ్చింది రంగసామే. పూడ్చి ఎనిమిదేళ్ళయింది. కోడె మెడలో నీలం నైలాన్ తాడు ఉండేది, తాడుకు ఇత్తడి గంట ఉండేది. గంటను తీసింది అతనికి గుర్తుంది. తాడును ఏం చేశాడో గుర్తు లేదు.

పనికి రానని చెప్పవచ్చు. నడుం నొప్పి అనవచ్చు. అరవై ఎనిమిదేళ్ళవాడు నడుం నొప్పి అంటే కాదనేవాళ్ళు లేరు. కానీ తాను పోకపోతే ఇంకొకడు పోతాడు. గడ్డపార తన చేతిలో ఉంటే అది ఎక్కడ దిగుతున్నదో కనీసం తన కంటికి తెలుస్తుంది. ఈ లెక్కతోనే మర్నాడు పొద్దున సద్ది గిన్నె పట్టుకొని పనికి పోయాడు.

పోయి చూస్తే, జల్లెడ దగ్గర కాళియమ్మ కూర్చొని ఉంది.

కాళియమ్మ సెంగోడన్ పెళ్ళాం. సెంగోడన్ రంగసామికి బామ్మర్ది వరస, చనిపోయిన భార్య మాదమ్మకు చిన్నాన్న కొడుకు. దేవర కోడెను అమ్ముకున్నాడని ఊరు నింద వేసింది అతని మీదనే.

"ఏమన్నా, నువ్వు కూడా వచ్చినావా? నడుం పట్టేస్తే నేను మోసుకొని పోలేను, ఇప్పుడే చెప్తుండా," అన్నది కాళియమ్మ నవ్వుతూ.

రంగసామి తల ఊపాడు. అతను ఎప్పుడూ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఈ ఎనిమిదేళ్ళలో ఆ కొంచెం కూడా తగ్గింది. అది పెళ్ళాం పోయిన దిగులని ఊళ్ళో అనుకున్నారు.

తవ్వకం పెద్ద హేమప్రియ. ఇరవై ఏడేళ్ళ పిల్ల. ధర్మపురి బజారులో తండ్రికి మళిగ కొట్టు ఉంది, పప్పూ బెల్లమూ అమ్మే కొట్టు. చుట్టూ తమిళమైనా ఇంట్లో తెలుగే. చెన్నైలో పెద్ద చదువు చదువుతున్నది. గొడుగు లేకుండా ఎండలో నిలబడి, గుంతలోకి తానే దిగి, చిన్న కుంచెతో మట్టి ఊడ్చేది.

"మీ నాయన కొట్టులో పప్పు జల్లించుకోకుండా ఈడ మట్టి జల్లిస్తావేమి పాపా?" అన్నాడు ఏళుమలై మొదటి రోజే. ఏళుమలై రంగసామితో జత తవ్వేవాడు, నోరు ఊరుకోని మనిషి. "బంగారం యాడుందో మాకు కూడా చెప్పు. పదకొండో దాంట్లో ఎవడో ముందే తోడి చూసినాడు, ఏమీ దొరకలేదంట."

"బంగారం నాకెందుకు అన్నా? పళ్ళు కావాల," అన్నది హేమప్రియ.

"పళ్ళా? నాకున్న నాలుగూ తీసుకో. మన ధర్మపురి నీళ్ళకు అవీ పసుపు పచ్చగా బంగారం మాదిరే ఉండాయి."

అందరూ నవ్వారు. హేమప్రియ కూడా నవ్వింది. నవ్వి, గట్టు మీద కూర్చొని వాళ్ళకు చెప్పింది. పాత మనుషుల పళ్ళు కాదు, పాత పశువుల పళ్ళు. వాటి నుంచి ఆ కాలంలో వానలు ఎట్లా పడ్డాయో తెలుసుకోవచ్చునట.

"నీళ్ళన్నీ ఒకటే మాదిరి కనపడతాయి. కానీ వాటిలో తేలిక నీళ్ళు ఉంటాయి, కొంచెం బరువు నీళ్ళు ఉంటాయి. ఎండకు తేలికవి ముందు ఆవిరైపోతాయి. బరువువి మిగిలిపోతాయి. కుంట ఎండే కొద్దీ దాంట్లో బరువు నీళ్ళ పాలు ఎక్కువైపోతుంది. పశువు ఆ నీళ్ళు తాగితే అదే గుర్తు పంటిలో పడిపోతుంది. పన్ను పైనుంచి కిందికి పెరుగుతుంది కదా? నెల నెలకూ ఒక పొర. మేము గోరంత గోరంత గీకి మిషన్‌లో పెట్టి చూస్తే, ఏ నెలలో ఎట్లాంటి నీళ్ళు తాగిందో వరసగా తెలిసిపోతుంది."

"చచ్చి వేల ఏళ్ళైనా?" అన్నది కాళియమ్మ.

"వేల ఏళ్ళైనా. పంటి పైపెంకు మారదు అక్కా. అది అబద్ధం చెప్పదు."

అంతసేపు నోరు విప్పని రంగసామి అడిగాడు: "ఏమి తినిందో కూడా చెప్తుందా పాపా?"

"చెప్తుంది తాతా. ఆకులలములు తింటే ఒక గుర్తు. గడ్డి, సజ్జ, జొన్న తింటే ఇంకొక గుర్తు."

జొన్న. ఆ ఒక్క మాట రంగసామి చెవిలో మేకులా దిగింది. గడ్డపార తీసుకొని లేచి, ఎవరూ పిలవకుండానే గుంతలో దిగి తవ్వడం మొదలుపెట్టాడు.

ఎనిమిదేళ్ళ కిందట, ఆ ఏడు కరువు. ముందటి ఐప్పసి కార్తీక నెలల్లో పడవలసిన వాన పడలేదు. నడి ఎండాకాలం, చిత్తిర నెల వచ్చేసరికి ఊరి కుంటలో బురద కూడా నెర్రెలు విచ్చింది. కోసిన జొన్న మొద్దులకు మాత్రం, మట్టి అడుగున ఏ మూలనో మిగిలిన తడికి, జానెడు పిలకలు వచ్చాయి. నీళ్ళు లేక వాడిన జొన్న పిలకలో నాము ఉంటుంది. ఆ విషం నోరులేని జీవి కడుపులోకి పోతే గంట తిరక్కముందే కాళ్ళు కొట్టుకొని చస్తుంది. పశువుల్ని కాచే ప్రతివాడికీ అది తెలుసు. రంగసామి తన ఆవును చేనికి దూరంగా, తుమ్మచెట్టుకు పొట్టి పలుపుతో కట్టేసి ఉంచాడు.

మిట్టమధ్యాహ్నం కోడె వచ్చింది. రెండు పళ్ళు వేసిన రెండేళ్ళ కోడె, ఎడమ కొమ్ము కిందికి వంగినది. డొక్కలు లోపలికి పోయి ఉన్నాయి. గంట చప్పుడు చేస్తూ నేరుగా జొన్న పిలకల్లోకి దిగింది.

దేవర కోడెను చేలోంచి తోలకూడదు. అది తిన్నది దేవుడి పాలు. అది చేలో దిగితే తలగుడ్డ తీసి, చేతులు జోడించి, "తిను సామీ" అనాలి. రంగసామి తాత అట్లానే అన్నాడు, తండ్రి అట్లానే అన్నాడు. రంగసామి కూడా తలగుడ్డ తీశాడు. చేతులు జోడించాడు. "తిను సామీ" అన్నాడు.

ఒక్క మట్టిబెడ్డ విసిరితే చాలు, పోయేది. విసరలేదు. ఆచారమని విసరలేదా? లేక ఆ ఏడు అప్పటికే మూడుసార్లు తన చేను మేసిందన్న కసితో విసరలేదా? ఎనిమిదేళ్ళుగా తనను తాను అడుగుతూనే ఉన్నాడు. రెండూ నిజమేనేమోనని అతని భయం.

కడుపు నింపుకున్న కోడె గట్టు దాటి పదడుగులు నడిచి తూలింది. రాకాసి గుళ్ళ చివరి వలయంలో, అంతకు ముందు ఏడు నిధి కోసం ఎవరో తోడి వదిలేసిన గుంత ఉంది. అందులో తలకిందులుగా పడింది. రంగసామి పరుగెత్తిపోయి చూసేసరికి కాళ్ళు గాలిలో తన్నుకుంటున్నాయి. కాసేపటికి అవీ ఆగిపోయాయి.

చుట్టూ చూశాడు. ఎండకు ఒక్క పురుగు లేదు. దేవర కోడె చావుకు కారణమైనవాడికి ఊళ్ళో నిప్పు పుట్టదు, నీళ్ళు పుట్టవు. అతను గుంతలో దిగి, కొడవలితో మెడ తాడు కోసి గంట తీశాడు. పైకి వచ్చి, గుంత చుట్టూ కుప్పగా పడి ఉన్న పాత మట్టిని, కుండపెంకులతో సహా, పారతో లోపలికి లాగేశాడు. పొద్దు వాలేలోపల నేల చదునైంది. గంటను తీసుకుపోయి పక్క చేలో నీళ్ళు పడక వదిలేసిన బోరు గొట్టంలో వేశాడు. ఆ గంట గొట్టానికి తగులుతూ, మోగుతూ, చాలా లోతుకు పోయింది. అడుగు చేరిన చప్పుడు మాత్రం వినిపించలేదు. ఇంకా పోతూనే ఉన్నట్టు ఇప్పటికీ అనిపిస్తుంది అతనికి.

కోడెను చూసుకునే వంతు ఆ ఏడు సెంగోడన్‌ది. నాలుగు రోజులు వెతికారు. హైవే పక్కన లారీ చక్రాల గుర్తులున్నాయని ఒకడన్నాడు. సెంగోడన్ దాన్ని కోతకు పోయే కేరళ లారీకి ఎక్కించేశాడని ఇంకొకడన్నాడు. సెంగోడన్ గుడి ముందు కర్పూరం వెలిగించి, అరచేత్తో ఆర్పి, "నేను అమ్మలేదు" అని ప్రమాణం చేశాడు. చెయ్యి కాలింది కానీ ఎవరూ నమ్మలేదు. ఆ గుంపులో రంగసామి కూడా ఉన్నాడు. నోరు తెరిచాడు, మూశాడు. నెల తిరిగేసరికి సెంగోడన్ హొసూరుకు పోయి, కట్టే ఇళ్ళ దగ్గర కావలి పనిలో చేరాడు. పండగకు కూడా ఊళ్ళోకి రాలేదు. కాళియమ్మ మాత్రం మేకలతో ఇక్కడే ఉండిపోయింది.

ఇరవై రోజుల్లో నాలుగు వలయాలు తవ్వారు. ప్రతిరోజూ రంగసామి మనసులో ఒకటే మాట: ఇంతటితో చాలనాలి, పదకొండు దాకా రాకూడదు. మనసు ఆగక ఒకరోజు చెప్పాడు కూడా: "ఆ చివరిది ఊరికే తోడి పారేసిన గుంత పాపా. దాంట్లో ఏమీ లేదు."

హేమప్రియ ఆ వలయం చుట్టూ తిరిగి చూసింది. "పైన తోడినారు సరే తాతా. అడుగున ఉంటుంది కదా?" అన్నది. ఆ మాట తాను చెప్పకుండా ఉంటే ఆ పిల్ల అటు పోయేది కాదేమోనని తరువాత ఎన్నిసార్లు తల కొట్టుకున్నాడో!

పదకొండో వలయాన్ని నడుం లోతు తవ్వారు. కుండపెంకులు చాలా వచ్చాయి. మట్టిని తట్టల్లో ఎత్తి కాళియమ్మకు అందిస్తున్నారు. ఆకాశం నల్లబడి ఎండాకాలపు గాలి వీస్తున్నది. రంగసామి గడ్డపార గట్టిదానికి తగిలింది. రాయి కాదు. రాయి చప్పుడు అతనికి తెలుసు. ఆ మట్టిని తట్టలో గబగబా ఎత్తేశాడు, మిగతా మట్టిలో కలిసిపోతే ఎవరి కంటా పడదని. తట్ట జల్లెడ దగ్గరికి పోయింది.

"పాపా! ఇదిగో నువ్వడిగిన పల్లు!" అని కేక వేసింది కాళియమ్మ.

దవడ ముక్క, దాంట్లో వెనక పళ్ళు రెండు. కాళియమ్మ అరచేతిలో పెట్టుకొని మట్టి ఊదుతున్నది. తన మొగుడు ఏ కోడె కోసం చెయ్యి కాల్చుకున్నాడో, ఆ కోడె పన్ను ఆమె చేతిలో ఉన్నదని ఆమెకు తెలియదు. రంగసామి గుంత అంచు పట్టుకొని నిలబడ్డాడు. అడుగు మట్టిలో నీలం ఏమైనా కనిపిస్తుందేమోనని కళ్ళు వెతుకుతున్నాయి. అంతలో పెద్ద చినుకులు పడ్డాయి. టార్పాలిన్ కప్పేలోపల గుంత సగం బురద నీళ్ళతో నిండింది.

"పెంకుల నడిమే దొరికింది. రెండు వేల ఏళ్ళది. చివరి పల్లు ఇంకా పెరుగుతా ఉన్నప్పుడే చచ్చిపోయింది పాపం, చిన్నది," అన్నది హేమప్రియ, దాన్ని సంచిలో పెట్టి ఏదో అంకె రాసుకుంటూ. "ఇంకా అడుగున మొత్తం ఎద్దే ఉంటుందేమో. వానలు పోయినంక వస్తాము. అంతవరకు ఎవరూ ముట్టకుండా చూసుకో తాతా. నీ చేను పక్కే కదా?"

కావలి కూడా తనకే వచ్చింది.

ఆరు నెలలు గడిచాయి. ఆ ఆరు నెలలు రంగసామి ఎట్లా బతికాడో అతనికే తెలియదు. గడ్డపార తీసుకొని పోయి ఆ కొమ్మునూ తాడునూ తీసి పారేద్దామని రెండుసార్లు పోయాడు. మొదటిసారి, గుంత మీద గడ్డి మొలిచి, దాన్ని కాళియమ్మ మేకలు మేస్తున్నాయి. "ఏమన్నా, గడ్డపార ఎత్తుకొచ్చినావు?" అన్నది. "గట్టు," అని చెప్పి తిరిగి వచ్చేశాడు. రెండోసారి ఎవరూ లేరు. గడ్డపార ఎత్తాడు. చెవిలో గంట మోగింది. పక్క చేలో బోరు గొట్టం నోరు తెరుచుకొని ఉంది. గడ్డపార అక్కడే పారేసి ఇంటికి పరుగెత్తాడు. మరుసటి రోజు దాన్ని తెచ్చుకోవడానికి కూడా ధైర్యం చాలలేదు. ఏళుమలై తెచ్చి ఇచ్చాడు.

"వయసైపోతాంది మామా నీకు. ఇయ్యాల గడ్డపార మరిచినావు, రేపు పంచె మరుస్తావు," అన్నాడు.

అన్నం సహించేది కాదు. పశువు ఏదైనా నెమరు వేస్తుంటే దాని నోటికేసి చూసేవాడు కాదు. ఆ పిల్ల చెన్నైలో కూర్చొని గోరంత గోరంత గీకుతున్నది. ఒక్కొక్క గీత దగ్గర ఆ పన్ను ఏదో చెబుతున్నది. చివరి గీత దగ్గరకు వచ్చేసరికి ఏం చెబుతుంది? జొన్న అంటుందా? తలగుడ్డ తీసి చేతులు జోడించిన మనిషిని చెబుతుందా?

ఆవణి నెల చివర, ఒక పొద్దున, జీపు వచ్చింది. హేమప్రియ ముఖం వెలిగిపోతున్నది. పాత కూలీలే కావాలని కబురు చేసింది. రంగసామి, ఏళుమలై, కాళియమ్మ, ముగ్గురూ పదకొండో వలయం దగ్గరికి పోయారు. ఆ పిల్ల బండ మీద ఒక పెద్ద కాగితం పరిచి, గాలికి ఎగరకుండా నాలుగు రాళ్ళు పెట్టింది. కాగితం మీద ఎగుడుదిగుడుగా ఒక ఎర్ర గీత.

"ఏమిది పాపా, మా ఇంటామె కోపం మాదిరుండాది?" అన్నాడు ఏళుమలై.

"కోపం కాదన్నా, కరువు," అన్నది హేమప్రియ. "కాళియమ్మక్క పట్టిన పల్లే ఇది. ఈ పక్క నుంచి చూడండి. గీత పైకి పోయే కొద్దీ అది తాగే కుంట ఎండిపోతాందని అర్థం. ఎట్ల పోయిందో చూసినారా? నేను ఇంత బరువు నీళ్ళు ఇంకే పంటిలోనూ చూడలేదు. రెండు వేల ఏళ్ళ కిందట ఈ గడ్డ మీద పెద్ద కరువు వచ్చింది. దానికి ఇదే సాక్షి. మా సారు నమ్మనే లేదు, రెండోసారి చేయించినారు. మళ్ళీ అదే వచ్చింది."

పన్ను రంగసామి పేరు చెప్పలేదు. జొన్న మాట కూడా ఎత్తలేదు. ఆ పిల్ల అది పాతకాలపు ఎద్దనే నమ్ముతున్నది. పుస్తకంలో అట్లానే రాసుకుంటుంది. నోరు మూసుకుంటే చాలు.

"అయితే ఒకటే నాకు అర్థం కాలేదు," అన్నది హేమప్రియ. వేలు పెట్టి చూపించింది. పైకి పైకి పోతున్న గీత నడుమ ఒకచోట కిందికి దిగి, గుంతలాగ కొంత దూరం నడిచి, మళ్ళీ పైకి ఎగబాకింది. "ఈడ చూడండి, రెండు నెలలు. నడి కరువులో. ఈ రెండు నెలలు అది కుంట నీళ్ళు తాగలేదు. ఎండ ముఖం చూడని నీళ్ళు తాగింది. భూమి లోపల లోతు నీళ్ళ మాదిరి. ఆ కాలంలో బోర్లు యాడుండాయి? అందుకని, కరువుకు తట్టుకోలేక మందను తోలుకొని దూరంగా కొండ ఊటల దగ్గరికి పోయినారు, తరువాత తిరిగొచ్చినారు అని రాస్తుండా. వలస పోయినారన్నమాట."

"పాపం, ఆ కాలంలో కూడా మన మాదిరే తిరిగినారు," అన్నది కాళియమ్మ.

రంగసామి గీతలోని ఆ గుంత వైపు చూస్తున్నాడు. రెండు నెలలు. పొంగలి పోయాక తై నెల, దాని తరువాత మాసి. అతని కళ్ళ ముందు కాగితం లేదు. ఎర్రటి దుమ్ములో ఒక సైకిల్ వస్తున్నది. దానికి రెండు పక్కలా కుడాలనే ప్లాస్టిక్ బిందెలు, నీళ్ళు తొణికి బయటికి పోకుండా వాటి మూతికి తడిగుడ్డలు. సైకిల్ తోసుకుంటూ సెంగోడన్. మనుషులకే నీళ్ళు లేని రోజులు. హైవే టీకొట్టు బోరు దగ్గర గంటసేపు వరసలో నిలబడి, తిట్లు తిని, రోజూ పొద్దున రెండు కుడాలు తెచ్చి కోడె తాగే తొట్టిలో పోసేవాడు. "బామ్మర్దీ, దేవుడు తన కోడెకు తానే నీళ్ళు చూసుకోలేడా?" అని రంగసామే ఎగతాళి చేశాడు. "దేవుడికి సైకిల్ లేదు కదా బావా," అన్నాడు వాడు. ఆ తరువాతి పంగుని నెలలో ఆ బోరు కూడా ఎండిపోయింది.

పన్ను అబద్ధం చెప్పదని ఆ పిల్ల అన్నది. అది రంగసామిని పట్టివ్వలేదు. ఎనిమిదేళ్ళు ఎవరూ నమ్మని మనిషి తరఫున సాక్ష్యం చెప్పింది. ఇప్పుడు ఆ పిల్ల ఆ సాక్ష్యాన్ని తీసుకుపోయి ఏ కొండ ఊటకో, పేరు లేని ఏ మందకో రాసిచ్చేస్తున్నది.

నోరు మూసుకుంటే చాలు, అనుకున్నాడు మళ్ళీ.

"ఎవరూ యాడికీ పోలేదు పాపా," అన్నాడు.

హేమప్రియ తలెత్తింది.

"అది బోరు నీళ్ళే. హైవే టీకొట్టు బోరు. సెంగోడన్ మోసి పోసినాడు. తై నెలా, మాసి నెలా."

"ఏమి మామా, ఎండ తగిలిందా నీకు?" అన్నాడు ఏళుమలై. నవ్వబోయి ఆగిపోయాడు.

"దేవర కోడెరా అది. ఈడనే ఉండాది. నా జొన్న పిలకలు తిని నాము తగిలి పోయింది. నేను తోలలేదు. నాము ఉండాదని తెలిసీ తోలలేదు. ఈ గుంతలో పడింది. నేనే పూడ్చేసినాను." రంగసామి ఎవరి ముఖమూ చూడలేదు. కాగితం మీది రాయినే చూస్తూ చెప్పాడు. "సెంగోడన్ అమ్మలేదు."

హేమప్రియ మెల్లగా కాగితం పక్కన కూర్చున్నది.

"తాతా... ఇది చచ్చి ఎన్నేళ్ళయింది?"

"ఎనిమిదేళ్ళు."

"అయితే నా కరువు?"

"కరువు నిజమే పాపా. ఏడాదే తప్పు."

ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆరు నెలల కష్టం. పన్ను ఎన్నేళ్ళ నాటిదో ముందే పరీక్ష చేయించి ఉండాల్సింది, కుండపెంకులను నమ్మినాను అని తనలో తాను అనుకున్నది. అది రంగసామికి సగమే అర్థమైంది. అతని చూపంతా కాళియమ్మ పాదాల మీద ఉంది. అవి కదలడం లేదు.

ఏళుమలై తువ్వాలు భుజాన వేసుకొని, ఒక మాట అనకుండా, ఊరి దారి పట్టాడు. ఊళ్ళో చెప్పడానికే పోతున్నాడు.

కాళియమ్మ పాదాలు కదిలాయి. గట్టు మీద పెట్టిన గడ్డపారను తీసుకొచ్చి అతని ముందు పడేసింది.

"తవ్వు," అన్నది.

ఈసారి 'అన్నా' అని పిలవలేదు.

రంగసామి తవ్వాడు. హేమప్రియ ఆపలేదు. వాన మట్టి మెత్తగా ఉంది. మొదట పుర్రె వచ్చింది, తరువాత కిందికి వంగిన ఎడమ కొమ్ము. కాళియమ్మ కొమ్మును చూసి గుంత అంచున కూలబడింది. రంగసామి చేతులతో మట్టి తీశాడు. మెడ ఎముకల దగ్గర, మట్టిలో నుంచి, అంగడిలో నిన్న కొన్నట్టు నీలంగా తాడు బయటికి వచ్చింది. కొడవలితో తెగిన చివర ఒక పక్క. ఇంకొక పక్క ముడి, రెండు వరసలు తిప్పి లోపలికి దోపిన ముడి. అట్లా ముడి వేసేవాడు ఊళ్ళో సెంగోడన్ ఒకడే.

ఎనిమిదేళ్ళు దీనికే భయపడ్డాడు. చేతికి వచ్చాక కూడా ఆ భయం పోలేదు. బరువు మాత్రం ఎక్కువైంది.

కాళియమ్మ తాడు అందుకొని ముడి మీద వేలు పెట్టి చూసింది. కొంగు చివరి నుంచి ఫోన్ తీసింది. నంబరు నొక్కి, స్పీకరు పెట్టి, గుంతలోకి చాపింది.

"నువ్వే చెప్పు."

రెండుసార్లు మోగింది. మూడోసారికి, "చెప్పు కాళీ. అన్నం తిన్నావా?" అన్నాడు సెంగోడన్. అతని వెనక కాంక్రీటు కలిపే మిషన్ గరగరమంటున్నది.

"సెంగోడా. నేను... రంగసామి బావను."

ఎనిమిదేళ్ళలో మొదటిసారి. రంగసామి చెప్పాడు. గుంతలో మోకాళ్ళ మీద కూర్చొని, తన ముందు పుర్రె పెట్టుకొని, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. జొన్న, నాము, గుంత, గంట, తాడు. కర్పూరం ఆర్పిన రోజు తాను నోరు తెరిచి మూసిన సంగతి కూడా. తిడతాడని చూశాడు. ఏడుస్తాడని చూశాడు.

"బావా," అన్నాడు సెంగోడన్ చివరికి. గొంతు చాలా చిన్నగా ఉంది. "పోయేటప్పుడు అది... దప్పికతో పోయిందా?"

రంగసామి బండ మీది కాగితం వైపు చూశాడు. ఎర్ర గీత కొన ఎక్కడ ఆగిపోయిందో ఇక్కడి నుంచి కూడా కనిపిస్తున్నది. అన్నిటికంటే పైన. లేదని చెప్పవచ్చు. చెప్తే వాడు నమ్ముతాడు. లేదన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది.

"అవునురా," అన్నాడు. "దప్పికతోనే పోయింది. నువ్వు పోసిన రెండు నెలలే అది మంచి నీళ్ళు తాగింది. ఆ పాప దగ్గర కాగితంలో ఉండాది."

అవతల ఎవరో మిషన్ ఆపేశారు. సెంగోడన్ ఫోన్ పెట్టేయలేదు. అతని ఊపిరి వినిపిస్తున్నది.

ఊరి దారిలో దుమ్ము లేచింది. మనుషులు వస్తున్నారు, ముందు ఏళుమలై, వెనక పదిమందో ఇరవైమందో. కాళియమ్మ ఫోన్ వెనక్కి తీసుకోలేదు. చాపిన చెయ్యి చాపినట్టే ఉంది. రంగసామి తలగుడ్డ తీసి పుర్రె పక్కన పెట్టి, గుంతలోనే లేచి నిలబడ్డాడు.